పిలవని పేరు

తెలియని భాషలో తప్పులు పట్టడమే తేలికని జానకిరామయ్య నమ్మకం. తెలిసిన భాషైతే అర్థం అడ్డొస్తుంది. కన్ను అక్షరాన్ని వదిలేసి అర్థం వెంట పరిగెడుతుంది. అచ్చుతప్పేమో వెనకాల కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చుంటుంది. బ్రాడీపేట ప్రెస్సుల్లో నలభై రెండేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్న మనిషి కాబట్టి ఆ మాట అనే హక్కు ఆయనకుంది. అందుకే ఆ మంగళవారం ఉదయం ప్రెస్సు యజమాని ఉస్మాన్ ఒక చేతిరాత పుస్తకాన్నీ, దాని ప్రూఫునీ బల్ల మీద పెట్టి, "అస్సామీ అట మాస్టారూ. మీరు తప్ప దీన్ని ఎవరూ ముట్టలేరు" అంటే, ఆయన కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాడే తప్ప కాదనలేదు.

పుస్తకం మార్టూరు నుంచి వచ్చింది. అక్కడ గ్రానైటు పాలిష్ యూనిట్లలో పనిచేసే అస్సాం వాళ్ళు ముప్ఫై మంది దాకా కలిసి ఆరేళ్ళ కిందట ఒక సాహిత్య సభ పెట్టుకున్నారు. నెలకో ఆదివారం రాయి కోసే షెడ్డులోనే కూర్చుంటారు. తమ భాషలో కవిత్వం చదువుకుంటారు, పాటలు పాడుకుంటారు, పిల్లలకి అక్షరాలు దిద్దిస్తారు. ఆ ఆరేళ్ళ చరిత్రే ఈ పుస్తకం. ఏ నెల ఎవరు ఏం చదివారు, ఎవరెవరు వచ్చారు, అన్నీ తారీఖులవారీగా ఉన్నాయి. వచ్చే మంగళవారం వాళ్ళకి బిహు పండగ. ఆలోపు పుస్తకం చేతికి రావాలి.

"ఇదంతా టైపు నువ్వే చేశావా అమ్మాయ్?" అని ఆయన డీటీపీ చేసే హారికని అడిగాడు.

"నాకేం వచ్చు మాస్టారూ! ఫోనుతో ఫొటోలు తీసి యాప్‌లో పెట్టా. అక్షరాలు అవే వచ్చేశాయి."

"అవే వచ్చినప్పుడు అవే దిద్దుకోవాలిగా" అని సణుక్కుంటూనే ఆయన పని మొదలుపెట్టాడు.

ఆయన పద్ధతి పాతది. ఎడమ చూపుడువేలు రాతప్రతి మీద, కుడిచేతి ఎర్రపెన్ను ప్రూఫు మీద. వేలు ఒక అక్షరం జరిగితే పెన్నూ ఒక అక్షరం జరగాలి. చదవకూడదు, చూడాలి. కొమ్ము, వంపు, గీత, చుక్క. బయట యార్డుకి పోయే మిర్చి లారీల ఘాటు కిటికీలోంచి వచ్చి గొంతులో కూర్చుంటోంది. దగ్గు వచ్చినా సరే, వేలు మాత్రం తియ్యడు. వేలు తీస్తే లైను ఎగిరిపోతుంది. ఎగిరిన లైను సంగతి అచ్చయ్యాక గానీ తెలియదు, అప్పటికి మొత్తుకుని లాభం లేదు.

మధ్యాహ్నానికల్లా మొదటి తప్పు దొరికింది. చేతిరాతలో ఒక అక్షరానికి పొట్టలో అడ్డగీత ఉంది. ప్రూఫులో ఆ గీత లేదు, దాని బదులు అక్షరం కింద చుక్క ఉంది. ఒకచోట కాదు, ప్రతిచోటా అంతే. నాలుగు వందలు దాటాక ఆయన లెక్కపెట్టడం మానేశాడు.

రెండోది తప్పో కాదో తేలలేదు. ప్రతి సభ చివరా వచ్చినవాళ్ళ పేర్ల వరస ఉంది. ప్రతి పేరు పక్కనా ఒకటే మాట. ఆ మాట నెత్తిన చిన్న నెలవంక, అందులో చుక్క. వరసలో ఐదో పేరు ఆ అడ్డగీత అక్షరంతోనే మొదలవుతుంది కాబట్టి ఆయన కన్ను దాన్ని త్వరగా పట్టేసింది. రోజూ బజార్లో ఎదురయ్యే మనిషితో మాట కలపకపోయినా మొహం గుర్తుండిపోతుందే, అలా గుర్తుండిపోయింది. సగం పుస్తకం దిద్దాక ఒక పేజీ చుట్టూ నల్లటి గీతల చట్రం కనిపించింది. లోపల ఆ పేరు ఒక్కటే, కింద రెండు తారీఖులు. అలాంటి చట్రం ఎందుకు గీస్తారో తెలియడానికి అస్సామీ రానక్కర్లేదు. పెద్దకర్మల కార్డులు ఆయన ఎన్ని దిద్దలేదు!

పేజీ తిప్పాడు. తర్వాతి నెల సభ. చివర పేర్ల వరస. ఐదో పేరు అదే, పక్కన అదే మాట.

అక్కడి నుంచి ఆఖరి పేజీ దాకా ముప్ఫై ఒక్క సభలున్నాయి. ముప్ఫై ఒక్కసార్లూ ఆ పేరుంది. పాత వరస చూసి కాపీ కొట్టుకుంటూ పోయారేమో అనుకున్నాడు మొదట. కాదు. సిరా మారింది, కొన్ని పేర్లు మాయమయ్యాయి, కొత్తవి చేరాయి, ఐదోది మాత్రం తన చోటు నుంచి కదల్లేదు. ఏప్రిల్ ఎండలో, ఫ్యాను కూడా సరిగ్గా తిరగని ఆ గదిలో, జానకిరామయ్యకి చేతుల మీద రోమాలు లేచాయి. ఎర్రపెన్ను మూత పెట్టి, ఆ పూటకి ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉస్మాన్ ఫోను చేస్తే సభ కార్యదర్శి భబేన్ వచ్చాడు. పుస్తకం రాసింది అతనే. నలభై ఏళ్ళుంటాయి, పాలిషింగ్ లైను మీద పని. ఎంత కడుక్కున్నా గోళ్ళ చుట్టూ తెల్లటి రాతిపొడి పేరుకుపోయి ఉంది. పదకొండేళ్ళుగా మార్టూరులో ఉండబట్టి తెలుగు బాగానే వచ్చు. ప్రూఫు చూడగానే మొహం వాడిపోయింది.

"చుక్క కాదు సార్, గీత. చుక్క పెడితే అది బెంగాలీ వాళ్ళ ర. గీత ఉన్నది మా ర."

"ఒక్క గీతే కదండీ" అంది హారిక.

"ఆ గీత కోసమే సార్ సభ" అన్నాడు భబేన్, జవాబు జానకిరామయ్యకి చెబుతూ. "బ్రిటిష్ వాళ్ళప్పుడు దొరలు మా ఊళ్ళకొచ్చి, మీది వేరే భాషేం కాదు, బెంగాలీనే వంకరగా మాట్లాడుతున్నారు అన్నారు. ముప్ఫై ఏడేళ్ళు మా బళ్ళలో మా భాష లేదు, కోర్టుల్లో లేదు. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే, నువ్వు లేవు అన్నట్టు. తర్వాత తర్వాత మా వాళ్ళు సభలు పెట్టుకున్నారు, పుస్తకాలేసుకున్నారు. వందేళ్ళు దాటిన పెద్ద సభ ఉందక్కడ. దాని ముందు మేమెంత, రాళ్ళు రుద్దుకునేవాళ్ళం. కానీ గీత మాత్రం వదలం సార్."

"అయితే మా యాప్ కూడా దొరలాంటిదే" అని హారిక నాలుక కరుచుకుంది. "అన్నీ మార్చేస్తాలెండి."

ఆ పిల్ల కంప్యూటరు వైపు తిరిగాక, జానకిరామయ్య నల్లచట్రం పేజీ తీసి ఐదో పేరు మీద వేలు పెట్టాడు. భబేన్ దాన్ని పైకి చదివాడు.

"రాతుల్. రాతుల్ శైకియా. మా ఊరివాడే. రెండున్నరేళ్ళయింది సార్, క్రేను నుంచి రాయి జారి మీద పడింది. భార్య జురి కూడా మా యూనిట్లోనే, స్లాబులు తుడిచే పని."

"మరి తర్వాత కూడా హాజరు వేశారే?"

భబేన్ గొంతు తగ్గించాడు. పట్టపగలు, పక్క గదిలో మిషను దడదడలాడుతోంది, అయినా తగ్గించాడు.

"రాతుల్ చనిపోయిన నెలకి మళ్ళీ సభ పెట్టాం సార్. పేర్లు పిలుస్తున్నా. అలవాటు కొద్దీ రాతుల్ పేరు కూడా పిలిచేశా. అయ్యో అనుకునేలోపే జవాబొచ్చింది."

"ఎవరిచ్చారు?"

"తెలీదు. షెడ్డు నిండా నిలబెట్టిన స్లాబులు సార్, ఏ మాట ఎటు నుంచి వచ్చేదీ తెలీదు. మాలో ఎవరో అన్నారనుకున్నాం. తర్వాత ఒకళ్ళనొకళ్ళం అడిగాం. ఎవరూ అనలేదు. పైనెల మళ్ళీ పిలిచాం. మళ్ళీ వచ్చింది. వెనక్కి వెళ్ళి చూద్దామని కొందరన్నారు. జురి వద్దంది. వెతికితే రావడం మానేస్తాడంది."

"ఏమని వస్తుంది జవాబు?"

"ఆసోఁ అని. ఉన్నాను అని అర్థం. ముక్కుతో అనాలి సార్ చివర్లో, దాని పైన నెలవంక అందుకే."

"మా అరసున్న" అన్నాడు జానకిరామయ్య. కుర్రతనంలో ఆయన మొదటి ఉద్యోగమే ఒక పండితుడి రాతప్రతిలోంచి అరసున్నలన్నీ ఏరి పారెయ్యడం. ఇప్పుడెవరు పలుకుతున్నారని ప్రెస్సు వాళ్ళు తీసెయ్యమన్నారు, ఆయన తీసేశాడు. తెలుగువాళ్ళ నోట ఆ ముక్కు మాట ఎప్పుడో పోయింది, కాగితం మీద కూడా పోవడానికి తనూ ఒక చెయ్యి వేశాడు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా కాస్త సిగ్గేస్తుంది.

"ఆ వచ్చే జవాబుకి మాత్రం ముక్కు లేదు సార్" అన్నాడు భబేన్. "ఉత్త ఆసో. రాతుల్ బతికుండగా చక్కగా అనేవాడు. పోయినవాళ్ళకి ముక్కు పలకదేమో అనుకున్నాం."

అతను నవ్వుతాడేమోనని జానకిరామయ్య చూశాడు. భబేన్ నవ్వలేదు. జురి లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టిందనీ, అసలు రాతుల్ శైకియా అనే మనిషి తమ దగ్గర ఏనాడూ పని చెయ్యలేదని కంపెనీ రాసిచ్చిందనీ చెప్పాడు. హాజరు పట్టీలో ఆ పేరు లేనేలేదట. చుట్టాల్ని చూడ్డానికి వచ్చినవాడు అడ్డదిడ్డంగా తిరిగి రాయి కింద పడ్డాడట. భర్త అక్కడ పనిచేశాడని చెప్పే కాగితం ముక్క ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఈ పుస్తకంలోనే ఉంది. అచ్చయ్యాక ఒక ప్రతి పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాలని జురి రోజులు లెక్కపెట్టుకుంటోంది.

శుక్రవారం ఉదయం, గీతలన్నీ సరిగ్గా పడ్డ రెండో ప్రూఫు ఆయన బల్ల మీద ఉండగా, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక మనిషి వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. బక్కపలచటి మనిషి, కళ్ళ కింద నల్లగా ఉంది.

"నమస్కారమండి పంతులుగారూ. నా పేరు కోటేష్. మార్టూరు యూనిట్లో సూపర్‌వైజర్ని. అస్సాం వాళ్ళ పుస్తకం ఇక్కడే కదండీ?"

"ఇక్కడే. ఏం కావాలి?"

"అందులో ఒక పేరు తీసెయ్యాలండి. మా యజమాని చెప్పి పంపారు."

"రాసినవాళ్ళు చెప్పాలి గానీ మీ యజమాని ఎవరయ్యా?"

"వాళ్ళూ ఒప్పుకున్నారండి" అని కోటేష్ ఫోను కలిపి ఇచ్చాడు. అవతల భబేన్. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. పేరు ఉంటే సభకి షెడ్డు ఇవ్వరట, సభలో అందర్నీ గదులు ఖాళీ చెయ్యమంటారట. జురి కూడా సరేనందట. తీసెయ్యండి సార్ అన్నాడు, పెట్టేశాడు.

జానకిరామయ్యకి ఒళ్ళు మండింది. ఆ మంట దాచుకోలేదు కూడా. "నేనొక్క ముక్క కొట్టను. నాకీ భాష రాదు. ఏ పేరో నాకేం తెలుసు?" అని అబద్ధం ఆడేసి ప్రూఫు కోటేష్ ముందుకి తోశాడు. ఈ దర్శి మనిషో ఇంకొల్లు మనిషో, వీడికి మాత్రం ఆ కొక్కేల అక్షరాలు ఎలా తెలుస్తాయి, తికమకపడి పోతాడు అనుకున్నాడు.

కోటేష్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎర్రపెన్ను తీసుకున్నాడు. మొదటి పేజీ తిప్పాడు, రెండో పేజీ తిప్పాడు, వేలు పెట్టాడు, గీత కొట్టాడు. సరిగ్గా ఆ పేరు మీదే. ఇంకో పేజీ. ఇంకో గీత. వరసలో పేరు ఐదోచోట లేకుండా కవిత్వం మధ్యలో వచ్చిన దగ్గర కూడా ఆగి, తల వంచి చూసి, కొట్టాడు. గీతలు గట్టిగా లాగడం లేదు. నిద్రపోతున్నవాళ్ళ మీద దుప్పటి లాగినట్టు మెల్లగా లాగుతున్నాడు. నల్లచట్రం పేజీ దగ్గర పెన్ను చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది. కోటేష్ ఇస్త్రీ చొక్కా వీపంతా చెమటకి తడిసింది.

"అయిపోయిందండి" అని లేచి వెళ్ళిపోయాడు.

జానకిరామయ్య మొదటి నుంచి లెక్కపెట్టాడు. డెబ్బై నాలుగు చోట్ల గీత ఉంది. తన రాతప్రతి లెక్కతో సరిచూసుకున్నాడు. డెబ్బై నాలుగే. తను రెండు రోజులు వేలు పెట్టి వెతికి పట్టిన వాటిలో అతను ఒక్కటి కూడా వదల్లేదు, ఒక్కటి కూడా ఎక్కువ కొట్టలేదు.

ఆ అక్షరాలు అతనికి ఎవరు నేర్పారు?

ఆదివారం సభ ఉందని భబేన్ అన్న మాట గుర్తుంది. జానకిరామయ్య రాతప్రతినీ, రెండు ప్రూఫులనీ సంచిలో పెట్టుకుని చిలకలూరిపేట మీదుగా బస్సెక్కాడు. పేరు తీసెయ్యమని సభవాళ్ళు స్వయంగా సంతకం పెట్టి ఇస్తే తప్ప తియ్యనని ఉస్మాన్‌తో ఖండితంగా చెప్పి మరీ బయల్దేరాడు. దారి పొడవునా పత్తి పీకేసిన చేలు, కల్లాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయలు. మార్టూరు దగ్గరపడేసరికి ఎరుపు పోయి అంతా తెల్లబడింది. రోడ్డు పక్క తుమ్మచెట్ల ఆకులు కూడా రాతిపొడితో తెల్లగా ఉన్నాయి.

షెడ్డు పెద్దది. ఆదివారం కావడంతో మిషన్లు ఆగి ఉన్నాయి. ఆ నిశ్శబ్దం మామూలు నిశ్శబ్దంలా లేదు, వారమంతా మోగిన మోత గోడల్లో ఇంకా ఉన్నట్టుంది. పైన క్రేను కొక్కెం వేలాడుతోంది. రెండువైపులా మనిషి కంటే ఎత్తైన నల్లటి స్లాబులు స్టాండ్లకి ఆనించి వరసలుగా నిలబెట్టారు. అద్దంలా పాలిష్ చేసినవి. జానకిరామయ్య నడుస్తుంటే రెండు పక్కలా ఇంకో ఇద్దరు జానకిరామయ్యలు సంచులు పట్టుకుని నడిచారు. ఆయన అటు చూడకుండా ముందుకి పోయాడు.

మధ్యలో చాపల మీద ముప్ఫై మంది దాకా కూర్చున్నారు. ఆడవాళ్ళు ఎర్ర అంచు తెల్లబట్టలు కట్టుకున్నారు. భబేన్ ఆయనకి కుర్చీ వేశాడు గానీ కళ్ళెత్తి చూడలేదు. చివర ఒక్కతే కూర్చున్న పలచటి మనిషి జురి అని చెప్పకుండానే తెలిసింది. అరచేతులు రెండూ తడికి నాని ముడతలు పడి ఉన్నాయి. ఒకమ్మాయి ఏదో పాడింది. ఒకాయన కాగితం చూసి కవిత్వం చదివాడు. జానకిరామయ్యకి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, మధ్యమధ్య ఆ ముక్కు మాటలు చెవిని తాకుతుంటే, చిన్నప్పుడెప్పుడో వదిలేసి వచ్చిన ఊరి దారిలో నడుస్తున్నట్టు అనిపించింది.

ఆఖర్న భబేన్ రిజిస్టరు తెరిచాడు. జానకిరామయ్య అలవాటుగా రాతప్రతి తీసి ఆఖరి వరస మీద వేలు పెట్టుకున్నాడు. భబేన్ మొదటి పేరు పిలిచాడు. ఆసోఁ. వేలు జరిగింది. రెండోది. ఆసోఁ. మూడు. నాలుగు. వేలు అడ్డగీత అక్షరం మీదికి వచ్చింది.

భబేన్ ఆగాడు. ఒక్క క్షణమే. అక్కడున్న వాళ్ళందరూ తలలు దించుకున్నారు. అతను ఆ పేరు వదిలేసి, ఆరో పేరు పిలవడానికి నోరు తెరిచాడు.

"ఆసో."

మాట పెద్దగా రాలేదు. స్లాబులన్నీ కలిసి అన్నట్టు నాలుగువైపుల నుంచీ వచ్చింది. ఎవరో ఆడమనిషి చిన్నగా కేక పెట్టింది. పిలవకుండానే పలికింది! భబేన్ చేతిలో పెన్ను చాప మీద పడింది. నలభై రెండేళ్ళుగా తప్పులు పట్టిన జానకిరామయ్య మాత్రం ఒకటి వదల్లేదు. చివర అరసున్న లేదు. ఉత్త ఆసో. ఆ మాటని అలా అనగలిగేది పోయినవాళ్ళు కాదు. ముక్కుతో పలకడం తాతల నాడే మరిచిపోయినవాళ్ళు. తనలాంటి తెలుగువాళ్ళు.

తలెత్తి ఎదురుగా ఉన్న నల్లటి రాయిలోకి చూశాడు. ఆ రాతిలో, తన ప్రతిబింబానికి వెనగ్గా, రెండు వరసల సందులో ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా.

జానకిరామయ్య ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ చివర జురి లేచింది. ఇన్నాళ్ళూ వెతకొద్దన్న మనిషి, ఎవరి వైపూ చూడకుండా, చెప్పులు లేని కాళ్ళతో స్లాబుల సందులోకి నడిచింది. అడుగుల చప్పుడు ఆగింది. తర్వాత ఆమె గొంతు, తెలుగులో:

"లోపలికి రా. వచ్చి కూర్చో."

కోటేష్ వచ్చాడు. కూర్చోలేదు. చాప అంచున స్టాండు పట్టుకుని నిలబడ్డాడు. అందరూ అతన్ని చూస్తుంటే అతను మాత్రం జానకిరామయ్యకే చెప్పాడు. తెలుగులో చెప్పుకోవడానికి ఆయన ఒక్కడే ఉన్నట్టు.

"నేనేనండి పంతులుగారూ. మొదటి నుంచీ నేనే. వాడి పేరు పిలుస్తుంటే పలక్కుండా ఉండలేకపోయానండి. టీ టైములో రాతుల్ తడివేలితో ఈ రాళ్ళ మీద తన పేరు రాసేవాడండి. ఆరిపోయేలోపు చదవమనేవాడు. నాకొచ్చింది ఆ ఒక్క పేరే. ఆ రోజు బుధవారం. లైను మీద బెల్టు తెగితే చూడమని నేనే కేకేశా, ఒరేయ్ రాతుల్ అని. క్రేనుకి రాయుంది. చుట్టూ తిరిగి రమ్మనాల్సింది, అన్లేదు. ఎప్పుడు పిలిచినా వాడు వస్తున్నా అనడు, ఆసో అంటాడు. ఆసో అన్నాడు, రాయి కిందగా వచ్చాడు. నేను పిలవకపోతే వచ్చేవాడు కాదండి."



"మరి పట్టీలో పేరు లేదన్నారే" అన్నాడు జానకిరామయ్య.

"వాడు పనిలో చేరిన రోజు నేనే రాశానండి. సరిగ్గా వినకుండా రాజు అని రాసేశా. తర్వాత దిద్దుదాంలే అనుకున్నా. దిద్దలా. ఏళ్ళ తరబడి రాజు పేరు మీదే హాజరేశా. వాడు పోయాక యజమాని ఆ పట్టీయే చూపించి, మీ రాతుల్ ఎవరో మాకు తెలీదు అని రాయించాడు. సాక్షి సంతకం నాదే."

తర్వాత దిద్దుదాంలే. ఆ మాట జానకిరామయ్య ఎన్నిసార్లు విన్నాడో, ఎన్నిసార్లు తనూ అన్నాడో. ఒక పేరు తప్పు రాస్తే మనిషి ఉన్నట్టా లేనట్టా అన్నది దాని మీద ఆధారపడుతుందని ఏ రోజూ అనుకోలేదు.

జురి ఆయన దగ్గరికి వచ్చింది. ఒళ్ళో ఉన్న రాతప్రతి వైపు చూపించింది. "ఇది రాయాలి" అంది. "ఇతను చెప్పింది. మీ అక్షరాల్లో."

ఆయన కోటేష్ వైపు చూశాడు. "రాస్తే మీ యజమాని ఊరుకోడు. తెలుసుగా?"

"నా సంగతి నేను చూసుకుంటానండి. వీళ్ళనేమన్నా అంటే ముందు నన్ను దాటుకుని రావాలి. రాయండి. నేను కొట్టిన గీతలు కూడా తీసెయ్యండి పంతులుగారూ."

జానకిరామయ్య ఒక తెల్లకాగితం తీసి, రాతప్రతి అట్ట కింద పెట్టుకుని రాశాడు. కోటేష్ మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు, ఈసారి మెల్లగా, ఆగి ఆగి. బుధవారం. బెల్టు. క్రేను. పిలిచింది నేను. పట్టీలో రాజు అని ఉన్నది రాతుల్ శైకియా. ఇక్కడ మూడేళ్ళ నాలుగు నెలలు పనిచేశాడు. ఆయన ఒక్కో వాక్యం రాసి పైకి చదివాడు. భబేన్ దాన్ని తమ భాషలో చెప్పాడు. కాగితం నిండాక కోటేష్ కింద పూర్తి పేరు, తండ్రి పేరు బుల్లయ్య అని, ఊరు దర్శి అని రాసి సంతకం పెట్టాడు. పెట్టాక చాప మీద కూర్చున్నాడు. పక్కనున్న ముసలాయన కాస్త జరిగి చోటిచ్చాడు.

"నల్లచట్రం పేజీకి ఎదురుగా వేస్తా" అన్నాడు జానకిరామయ్య. జురి తలూపింది. మళ్ళీ తన చోటుకి పోయి కూర్చుంది.

సభ ఇంకా ముగియలేదు. భబేన్ పెన్ను వెతికి తీసుకున్నాడు. రిజిస్టరు ఒళ్ళో సర్దుకుని, ఈసారి తల ఎత్తి, స్పష్టంగా పిలిచాడు.

"రాతుల్ శైకియా."

జవాబు రాలేదు. కోటేష్ తల దించుకుని నేల వైపు చూస్తున్నాడు. స్లాబుల్లో కూర్చున్నవాళ్ళ నీడలే తప్ప ఇంకేం లేవు. ముప్ఫై ఒక్క నెలలుగా పలికిన షెడ్డు మొదటిసారి పలకలేదు. భబేన్ పెన్ను కాగితం మీద ఆనించి అలాగే ఉన్నాడు, ఏం రాయాలో తెలియక. అందరూ జురి వైపు చూశారు.

ఆమె ముడతలు పడ్డ అరచేతులు ఒకదానితో ఒకటి తుడుచుకుంది.

"నాయ్" అంది.

ఆ మాటకి అర్థం జానకిరామయ్య ఎవర్నీ అడగలేదు. లేడు అని. పనిచేసినవాడు కాదని వాళ్ళు అన్నంతకాలం ఈమె భర్తని చావనివ్వలేదు. ఇప్పుడు రెండు కన్నీటి చారలు బుగ్గల మీది తెల్లపొడిలోంచి దిగుతుంటే తుడుచుకోకుండా కూర్చుంది.

భబేన్ ఆ మాట రాశాడు. సిరా ఆరేదాకా చూసి, తర్వాతి పేరు పిలిచాడు. అది ఆమెదే.